నీడ కోసం తీసిన తలుపు

సత్తిరాజు ఎక్కిన విశాఖ బండి మూడు గంటలు ఆలస్యమని పొద్దున్నే తెలిసింది. అప్పటినుంచీ పాపయ్యకి కాలు ఒకచోట నిలవలేదు.

రాయ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘానికి సత్తిరాజు అధ్యక్షుడు. రెండు నెలల క్రితం గుండె వైద్యానికి విశాఖ వెళ్తూ హాలు తాళంచెవి బావ పాపయ్య చేతిలో పెట్టి, తాను వచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యవద్దన్నాడు. పాపయ్య మాటిచ్చాడు. సత్తిరాజు తన పోయిన భార్యకి స్వయానా తమ్ముడు. ఆమె పోయిన కొత్తలో నెల్లాళ్లు పాపయ్య పక్కనే మంచం వేసుకుని పడుకున్నవాడు.

ఆమె అన్నకొడుకు మోహనకృష్ణ మాత్రం పరాయివాడా? శ్రీరామనవమినాడు రాములవారి పల్లకిని ముందు కుడివైపు భుజాన మోసేది ఎప్పుడూ వాడి తండ్రే. ఆయన పోయాక కొడుక్కి రావలసిన ఆ చోటును సత్తిరాజు కమిటీలోని కోటయ్యకి కట్టబెట్టాడు. "వాళ్ల నాన్న చోటు వాడికి దక్కలేదు. రేపు నీ చోటు నీకు దక్కుతుందా?" అని పాపయ్య అడిగితే సత్తిరాజు నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు సాయానికి పిలుద్దామంటే ఆ కోటయ్యే ఫోను ఆపేసుకున్నాడు. కమిటీలో మరో ఇద్దరు అభన్‌పూర్‌లో పెళ్లి ఉందని జారుకున్నారు.

పదిన్నరకి సిల్తారా వైపునుంచి మోటారు సైకిళ్లు వచ్చి హాలు ముందు ఆగాయి. మోహనకృష్ణతోపాటు పాతికమంది దిగారు. నియమం ప్రకారం అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సర్వసభ్య సమావేశం హాల్లోనే జరగాలి. సత్తిరాజు వచ్చేలోగా తలుపు తెరుచుకుంటే అధ్యక్షుడు మారినట్టే.

"చాబీ ఇచ్చేయండి మావయ్యా. జబర్దస్తీ చెయ్యను" అన్నాడు మోహనకృష్ణ.

"ఇవ్వను. అలాగని నీతో తగువూ పడను. నేనెవరి వైపూ కాదు."

"బస్, అది చాలు, అలాగే ఉండండి. మేమూ ఇక్కడే ఉంటాం."

ఉన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. పాపయ్యకి భయం వేసింది అందుకే. పదకొండు దాటింది. ఎండ మెట్లమీదికి పాకింది. అప్పుడు చూశాడు, గుంపు వెనక మోహనకృష్ణ తల్లి వరహాలమ్మ తలమీద కొంగు కప్పుకుని గోడ పట్టుకుని నిలబడి ఉంది. కావాలనే తెచ్చాడని పాపయ్యకి తెలుసు. తెలిస్తే మాత్రం, ఎండ ఎండే.

"అక్కయ్యగారు ఒక్కరే లోపల కూర్చుంటారు" అని తాళం తీశాడు. ఆమెని ఫ్యాను కింద కూర్చోబెట్టి కుండలో నీళ్లు ముంచి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి పాతికమందీ చెప్పులు విడిచి, నెమ్మదిగా, బుద్ధిగా లోపల కుర్చీల్లో ఉన్నారు.

పన్నెండుకి ఆటో వచ్చింది. సత్తిరాజు చిక్కిపోయాడు. దిగి, తెరిచిన తలుపులు చూసి, మెట్టుమీద కాలు పెట్టలేక ఆగిపోయాడు. మోహనకృష్ణ గబగబా గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు.

"రండి చిన్నాన్నా. లోపలికి రండి."

మర్యాదగానే పిలిచాడు. కానీ ఆ పిలుపుతో ఇల్లెవరిదో తేలిపోయింది. సత్తిరాజు పాపయ్యని చూశాడు.

"మాటిచ్చావు కదా బావా."

సత్తిరాజు తిరిగి ఆటో ఎక్కాడు.

లోపల్నించి మోహనకృష్ణ, మీరూ ఉండాలి మావయ్యా అని పిలుస్తున్నాడు. పాపయ్య తాళంచెవి గడప మీద పెట్టి మెట్లు దిగాడు. ఎండలో ఆటో పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. లోపల సమావేశం మొదలైనట్టుంది, చప్పట్లు వినిపించాయి.

సత్తిరాజు సీటు మీది సంచి ఒళ్లోకి తీసుకుని కొంచెం పక్కకి జరిగాడు.