పొట్టి గడ్డి

"ఎసరు పెట్టుడు రాదా నీకు? గిది అన్నమా, గోలీలా?" చంద్రమ్మ కంచం అవతలికి నెట్టింది.

"ఎసరు మంచిగనే పెట్టిన అత్తా. బియ్యమే లావుంటే నేనేం చేస్త? నీ చిన్నకొడుకునడుగు." పెద్దకోడలు రాజమణి గంటెను గిన్నెలో ఠంగున పడేసింది.

పట్నంలో, కార్వాన్‌లోని ఆ ఇంటి ముందు బండిలోంచి గడ్డి దించుతున్న చిన్నకొడుకు ఓదెలుకు ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఊళ్లో అన్నదమ్ముల ఉమ్మడి పొలం దున్నేది అతడే. అన్న ఎల్లప్ప ఇక్కడ బర్రెలు పెట్టుకొని పాలమ్ముతాడు. కోతలయ్యాక అన్నకు సగం బియ్యం, మొత్తం గడ్డి ముట్టజెప్పడం తండ్రి ఉన్ననాటి వాడుక.

ఈసారి ఓదెలు సర్కారు ఇచ్చిన కొత్త విత్తనం వేశాడు. లావు గింజ విరగబండింది గానీ పైరు మోకాలెత్తు దాటలేదు. ఏటా ఇంటి చూరంత ఎత్తున వచ్చే గడ్డి ఈసారి బండి అంచులోపే ఉండిపోయింది. పెద్ద బర్రె ఒక పరక నోట పెట్టి మొహం తిప్పుకుంది.

"గింతేనా?" ఎల్లప్ప వాకిట్లోకి వచ్చాడు. "దేశం కడుపు నింపి నా బర్ల కడుపు మాడుస్తవారా?"

"మొన్నటిదాక పరదేశం నుంచి ఓడల మీదొచ్చిన గోధుమలకు రేషన్ దుకాణం కాడ లైన్ల నిలబడ్డది మీరే గదా అన్నా."

"ఆఫీసర్ లెక్క ముచ్చట్లు చెప్పకు. పాలు ఎండితే గిరాకులకు నీ వడ్లు పిండి పొయ్యాల్నా?"

పాలకు వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. ఓదెలు తల దించుకొని గడ్డి మోశాడు. ఇంటి తిండి పోను వడ్లు మిగలడం అతడి ఎరుకలో ఇదే మొదలు. వచ్చే ఎండాకాలం ఊళ్లో తన పిల్లలు ఒంటిపూట తిననక్కర్లేదు. ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పాలి?

రాత్రి భోజనానికి రాజమణి అంగట్లో తెచ్చిన సన్నబియ్యం వండింది. అందరికీ అదే వడ్డించి, ఓదెలు కంచంలో మాత్రం పొద్దటి లావు అన్నం పెట్టింది. చంద్రమ్మ అది చూసి, తన కంచంలోని సన్న అన్నం కలుపుకుంది.

"వచ్చే కారు పంటకు పాత వడ్లే పెట్టు," అన్నాడు ఎల్లప్ప. "నాకు పొడుగు గడ్డి గావాలె. సగం పొలం నాది, యాదుంచుకో."

ఓదెలు ముద్ద మింగి కంచం ముందుకు జరిపాడు. "మంచిగనే ఉడికింది వదినె, ఇంకింత పెట్టు." తర్వాత అన్న వైపు తిరిగాడు. "సగం నీదే అన్నా. ఊరికి పోంగనే పట్వారీని పిలిచి పొలం కొలిపించి నడుమ గెట్టు పెట్టిస్త. నీ సగంల పొడుగు గడ్డే పెంచుకో. నాగలి పట్టెటోన్ని గూడ నువ్వే తెచ్చుకో."