రెండు గంటల నాలుగు నిమిషాలు

ఆషాఢమంటే ఫంక్షన్ హాళ్లకు దిక్కులేని నెల. పెళ్లిళ్లుండవు, కుర్చీల మీద దుమ్ము లేస్తుంది. మెదక్‌లోని నాటకం పిచ్చోళ్లకు మాత్రం ఈసారి ఆ నెలే కలిసొచ్చింది. బస్టాండు వెనకాల హాలు వాళ్లకు ఖాళీగా దొరికింది. ఆదివారాలు బోనాలు కాబట్టి శనివారాలు ఎంచుకున్నారు. సాయంత్రం అయిదున్నరకు పరదా లేస్తుంది. అలా నాలుగు శనివారాలు, నాలుగంటే నాలుగే ఆటలు. శ్రావణం రాగానే హాలు పెళ్లివారి పాలు.

నాటకం పేరు ‘జొన్నచేల రాణి’. ఇరవై రెండేళ్ల కిందట ఆగిపోయిన సంగీత నాటకం. కాలేజీలో తెలుగు చెప్పే కావ్య ఎవరింటి అటక మీదనో దొరికిన నోటుబుక్కు పట్టుకుని దాన్ని మళ్లీ నిలబెట్టింది. హార్మోనియం డేవిడ్‌ది. ఆదివారం చర్చిలో వాయించే చేతులే శనివారం ఇక్కడ. ఇక రాణి వేషం ఆగమ్మది. అప్పుడూ ఆమే, ఇప్పుడూ ఆమే. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే ఆగమ్మ, యాభై ఎనిమిదేళ్ల నడుముకు బెల్టు బిగించి పైన పట్టుచీర చుట్టుకుంటే, రాణి కాదనే దమ్ము ఎవరికీ లేదు.

ఆ దమ్ము అసలే లేనివాడు గాలయ్య. ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. “రైట్ రైట్” అని అరిచి అరిచి గొంతు అలా పెరిగిపోయింది, ఇంట్లో ఉప్పు అడిగినా పక్క వీధివాళ్లు తెచ్చిచ్చేంత గొంతు. మూడో వరుసలో చివరి కుర్చీ ఆయనది. ప్రతి ఆటలో మొదటి ‘వన్స్ మోర్’ కూడా ఆయనదే.

తెలియని వాళ్లకు చెప్పాలి. మన పక్క పద్యం ఉన్న నాటకంలో, పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అంటారు. నటి మళ్లీ మొదటినుంచి పాడాలి. కత్తిపోటుతో చచ్చిపడ్డ రాజు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి మళ్లీ చావాలి. అందుకే పద్యం ముగిసినా హార్మోనియం వెంటనే ఆగదు. జనం ఏమంటారో వినేదాకా శ్రుతి నడుస్తూనే ఉంటుంది.

మొదటి ఆట కాగానే ‘రాణి అభిమానులు’ అని ఒక వాట్సప్ గ్రూపు పుట్టింది. దాని పెద్ద చైతన్య. రామాయంపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. ఫోనుకన్నా ఎక్కువగా రూల్సు విప్పదీసి చూసే అలవాటున్నవాడు. మంజీర రంగస్థల పురస్కారాలకు కావ్య దరఖాస్తు పెట్టిందని తెలియగానే గ్రూపులో ఒకటే రభస.

“పాత నాటకం గద! కొత్తయిటికే ఇస్తరంట ప్రైజు,” అని శంకరంపేట కిరాణా దుకాణం రాజేందర్ మొదలుపెట్టాడు.

“కాదన్నా, నేను సదివిన. ఇర్వై ఏండ్లు ఆడకుండ ఉండి మల్ల తీస్తె ఎలిజిబులే. మనది ఇర్వై రెండు,” అన్నాడు చైతన్య.

“మరి మ్యూజిక్కు?”

“లైవ్ ఉండాలె, ట్రాక్ పెట్టొద్దు. డేవిడ్ సార్ ఉండంగ ట్రాక్ ఎవనికి గావాలె? ఆటలు నాలుగుకు తక్కువ కావొద్దు. మనయి సరిగ్గ నాలుగు. ఆఖరి ఆటకు జడ్జి మేడం అస్తది.”

“ఉత్తమ నటి అంటె ఆగమ్మనే. ఇగ రాసుకోండ్రి,” అని గాలయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. విన్నవాళ్లంతా ఫోను చెవికి దూరంగా జరిపి ఉంటారు.

మూడో ఆట అయిన మర్నాడు చైతన్య దగ్గర్నుంచి పిడుగులాంటి కబురొచ్చింది. ఆరో పేజీ ఇప్పుడే చదివాడట. ఇంటర్వెల్‌తో కలిపి నాటకం రెండు గంటలు దాటకూడదు. దాటితే పోటీలోనే ఉండదు, నటులకూ ఏమీ రాదు.

గాలయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఏ ఊళ్లో ఎన్నింటికి బస్సు కదిలిందో రాసి రాసి, నాటకానికి వెళ్లినా టైము రాసుకోవడం ఆయనకు పోలేదు. మొదటి ఆట రెండు గంటల ఇరవై అయిదు. రెండోది ఇరవై ఎనిమిది. మూడోది ముప్పై ఒకటి. నిజానికి నాటకం గంటా యాభై అయిదు నిమిషాలే. మిగతాదంతా వన్స్ మోర్లు. అంటే మిగతాదంతా ఆయన పుణ్యమే.

పుస్తకం మూసి అలాగే కూర్చుండిపోయాడు. ఇది ఆయనకు మొదటిసారి కాదు మరి.

ఇరవై రెండేళ్ల కిందట ఇదే నాటకం పక్క జిల్లాలో ఒక నాటక పరిషత్తు పోటీకి వెళ్లింది. గాలయ్య డ్యూటీ మార్చుకుని మరీ వెళ్లాడు. చివర్లో రాణి పాడే పిట్టల పద్యం దగ్గర ఒళ్లు మరిచి ‘వన్స్ మోర్’ అని అరిచాడు. ఆగమ్మ మళ్లీ పాడింది. ఆఖరి రంగం సగంలో టైము అయిపోయింది. నిర్వాహకులు పరదా దించేశారు. ఆగమ్మ నోరు తెరిచి ఉండగానే పరదా పడింది. ఆ ఏడే బృందం చెదిరిపోయింది. ఆమె మళ్లీ స్టేజీ ఎక్కలేదు. ఆ అరుపు తనదని గాలయ్య ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి కూడా చెప్పలేదు. ఒక్కసారి మైకులో ఆగమ్మ పేరు పిలిచి చేతిలో ఒక జ్ఞాపిక పెడితే, తన గుండెల మీది బండ దిగుతుందని ఆశ.

చైతన్య కబురుకు గ్రూపులో మొదటి జవాబు ఆయనే రాశాడు. “శనారం ఎవ్వరు వన్స్ మోర్ అనొద్దు. నేను గూడ అన.”

జనం నమ్మలేదు. రాజేందర్ అయితే ఫోన్ చేసి, “కాకా, పాణం మంచిగున్నదా?” అని అడిగాడు. చివరికి అందరూ ఒట్టు పెట్టుకున్నారు. ఈల వేయొద్దు, వన్స్ మోర్ అనొద్దు. కావ్యకు మాత్రం చెప్పారు. నటులకు చెబితే టైము చూసుకుంటూ పరుగులు పెడతారని, వాళ్లకు చెప్పొద్దనీ అనుకున్నారు. అక్కడే తప్పులో కాలేశారు.

శనివారం హాలు నిండింది. జడ్జి మహతి హైదరాబాదు నుంచి వచ్చి మొదటి వరుసలో కూర్చుంది. ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను, పక్క కుర్చీలో గడియారం. అయిదున్నరకు పరదా లేచింది.

ఆగమ్మ మొదటి పద్యం పాడింది. బాగా పాడింది. డేవిడ్ శ్రుతి వదలకుండా ఆగాడు. ఆగమ్మ అలవాటుగా మూడో వరుస వైపు చూసింది. గాలయ్య తల వంచి చెప్పులు చూసుకున్నాడు. హాలంతా పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుని ఉంది. చప్పట్లు కొట్టడానికి కూడా భయపడ్డారు పిచ్చి జనం. డేవిడ్ ఇంకాసేపు చూసి శ్రుతి ఆపేశాడు.

రెండో పద్యానికీ అంతే. మూడోదానికి ఆగమ్మ గొంతు సన్నబడింది. నాలుగోదాంట్లో ఒక చరణం ఎగ్గొట్టేసింది.

ఇంటర్వెల్‌లో కావ్య పరుగున వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

“గాలయ్య గారూ, కొంపమునిగింది. గొంతు పోయిందంటున్నది ఆగమ్మక్క. జనానికి నచ్చుతలేదంట. పిట్టల పద్యం తీసేయమంటున్నది.”

“రూలు సంగతి చెప్పకపోయినవా బిడ్డా?”

“చెప్పిన. నమ్మితే గద! నన్ను ఊకుంచనీకె చెప్తున్నవ్ అన్నది. పద్యం ఎట్లనో పాడుమని బతిలాడిన. సరే అన్నది గని, ఇదే ఆఖరు, ఇంక జన్మల స్టేజీ ఎక్క అంటున్నది.”

పక్కనే ఉన్న చైతన్య గాలయ్య చేయి పట్టుకున్నాడు. “కాకా, జర ఓపిక పట్టు. ఇంకొక్క గంట. ప్రైజు అస్తె ఆమెనే ఖుష్ అయితది.”

గాలయ్య చేయి విడిపించుకున్నాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

పిట్టల పద్యం రానే వచ్చింది. రాజ్యం పోయిన రాణి ఒక రైతు చేలో కావలి ఉంటుంది. పంటకాలమంతా వడిసెలతో పిట్టల్ని తరిమిన మనిషి, కోతలయ్యాక ఖాళీ చేలో నిలబడి వాటిని తిరిగి రమ్మని పిలుస్తుంది. గింజలు ఉన్నన్నాళ్లూ తరిమాను, ఇప్పుడు గింజ లేదు, అయినా ఒక్కసారి వచ్చి వాలండి అని. ఆలాపనతో కలిపి తొమ్మిది నిమిషాలు. ఆగమ్మ పాడింది గానీ ఎవరింట్లోనో అరువు గొంతుతో పాడినట్టు పాడింది. చివరి మాట దగ్గర గొంతు జీరపోయింది. డేవిడ్ శ్రుతి పట్టుకునే ఉన్నాడు. ఆగమ్మ ఈసారి మూడో వరుస వైపు చూడను కూడా లేదు.

గాలయ్య గడియారం చూశాడు. ఏడూ పదమూడు. మిగిలిన రంగానికి పన్నెండు నిమిషాలు. ఇలాగే పోనిస్తే ఏడూ ఇరవై అయిదుకు పరదా, పోటీలో చోటు పదిలం. ఇంకోసారి పాడితే ఏడూ ముప్పై నాలుగు. నాలుగు నిమిషాలు ఎక్కువ. కండక్టరు లెక్క ఎన్నడూ తప్పదు.

మళ్లీ అదే పద్యం, మళ్లీ తనే. ఈ పాపం రెండోసారి మూటగట్టుకోవడమా? కానీ అక్కడ స్టేజీ మీద, ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

గాలయ్య లేచి నిలబడ్డాడు.

“వన్స్ మోర్!”

కిటికీ అద్దాలు అదిరాయి. చైతన్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తర్వాత రాజేందర్ ఈల వేశాడు. ఆ వెనక హాలు హాలంతా లేచింది. ఇంతసేపు బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. డేవిడ్ నవ్వుతూ శ్రుతి పెంచాడు.

ఆగమ్మ తలెత్తింది. మూడో వరుస చివరికి చూసింది. కొంగు వదిలి రెండడుగులు ముందుకొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ఏమని చెప్పాలి? ఆ హాల్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ తొమ్మిది నిమిషాల గురించే మాట్లాడుకుంటారు. మహతి పెన్ను అట్ట మీద పెట్టి, పద్యం అయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదు.

పరదా పడేసరికి ఏడూ ముప్పై నాలుగు.

మహతి బయట కావ్యనూ చైతన్యనూ పిలిచింది. “రెండు గంటల నాలుగు నిమిషాలు. నేనేం చేయలేను, రూలు రూలే. ఈ ఏడాదికి పోటీలో లేదు.” చైతన్య ముఖం చూసి ఆమెకు జాలేసింది. “రూల్సు పూర్తిగా చదివారా మీరు?”

“ఆరో పేజీ దాక సదివిన మేడం.”

“తొమ్మిదో పేజీ కూడా చదవండి. టైము దాటి పోయిన నాటకం వచ్చే ఏడు కొత్తగా మూడు ఆటలు ఆడితే మళ్లీ రావొచ్చు. నేనూ మళ్లీ రావాలనే కోరుకుంటున్నాను.”

చైతన్య అక్కడే మెట్ల మీద కూర్చుని తొమ్మిదో పేజీ తెరిచాడు. కావ్య అప్పటికే నోటుబుక్కు తిప్పుతోంది. “నడుమ కోటకాపలావాళ్ల కామెడీ పావుగంట ఉన్నది. అది తీసేస్తా. వన్స్ మోర్‌కు జాగ ఉండాలె గద!”

పక్కనే నిలబడి అంతా విన్న గాలయ్య ఒక్కడే పరదా వెనక్కి వెళ్లాడు. ఆగమ్మ ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటోంది.

“చెల్లె, నీకో మాట చెప్పాలె. ఇయ్యాల ప్రైజు నా వల్లనే పోయింది. ఆనాడు పరిషత్తుల గూడ... ఆ అరిచింది నేనే. నా వల్లనే పరదా పడ్డది.”

“నాకెర్కనే అన్నా.”

గాలయ్య చప్పున తలెత్తాడు.

“అసొంటి గొంతు జిల్లాల ఇంకెవరికున్నది?” ఆగమ్మ గుడ్డ పక్కన పెట్టింది. “ఆనాడు పరదా పడ్డంక అందరు టైము గురించే కొట్లాడుకున్నరు. పద్యం ఎట్లున్నదని ఒక్కరు అన్లె. నువ్వు అరిచిన ఆ ఒక్క కేకనే నాతోని ఇంటికొచ్చింది. ఇర్వై రెండేండ్లు పొయ్యి కాడ గా పద్యం పాడుకున్నప్పుడల్లా గదే ఇనపడేది. కావ్య వచ్చి మల్ల ఆడుదమంటె ఎందుకొప్పుకున్ననుకున్నవ్? నువ్వింక ఉన్నవో లేవో సూద్దామని.”

కళ్ల కింది రంగు ఇంకా పోలేదు. అది తుడుచుకుంటూ అడిగింది.

“డేవిడ్ సార్ చెప్పిపోయిండు, వచ్చే ఏడు మూడు ఆటలంట గద? ఎక్కడెక్కడ పెడుతున్రు?”

రామాయంపేట, శంకరంపేట, ఏడుపాయల అని తన కండక్టరు గొంతుతో హాలు దద్దరిల్లేలా చెప్పాలనుకున్నాడు గాలయ్య. గొంతు రాలేదు. మూడు వేళ్లు చూపించి, తలూపి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.