జాలీ లేని బాయిలర్

గిజెలా బూడిద బకెట్టు మోసుకుంటూ నేలమాళిగ మెట్లెక్కి వచ్చేసరికి, మొగుడు గింటర్ వంటింటి బల్ల నిండా బాయిలర్ల బొమ్మలున్న రంగు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. "బకెట్టు ఇటు తేకు, బూడిద కాగితాల మీద పడుతుంది" అన్నాడు తలెత్తకుండానే. ఇల్లంతా వెచ్చగా ఉంచే పాత బొగ్గు బాయిలర్ పొట్ట పగిలి నీళ్ళు కారుతోంది. చలి ముదిరేలోపు కొత్తది పెట్టించాలి. రెండు వారాలుగా ఆ ఇంట్లో ఇదే పెళ్ళిచూపుల తంతు. చూసేది గింటర్, సరేననాల్సింది పైవాటాలో ఉండే అత్తగారు ఎల్ఫ్రీదా. దాంతో కాపురం చెయ్యాల్సింది మాత్రం గిజెలా.

శనివారం దగ్గర్లోని పట్నం రిబ్నిక్‌లో ఉన్న దుకాణానికి ఇద్దరూ వెళ్ళారు. అమ్మేవాడు చెప్పిందంతా గింటర్ ముఖం చూసే చెప్పాడు. "ఈ తొట్టిలో చిన్నబొగ్గు పోసేస్తే చాలండీ, శనగల్లా ఉంటుందే, అది. కింద మర తిరుగుతూ ఎంత కావాలో అంతే మంటకి అందిస్తుంది. నాలుగు రోజులు అటుకేసి చూడక్కర్లేదు. దానంతట అదే నడుస్తుంది."

నాలుగు రోజులు! పాతదానికైతే కొన్ని గంటలకోసారి బొగ్గు వెయ్యాల్సిందే. పెళ్ళయిన దగ్గర్నుంచీ చలికాలంలో గిజెలా ఒక్క రాత్రి కూడా ఇల్లు వదల్లేదు. కొన్నేళ్ళ కిందట తన అమ్మ ఫిబ్రవరిలో పోయింది. మట్టి వేసి, చేతులు కడుక్కుని, అందరూ భోజనాలకి కూర్చుంటుంటే ఈమె బస్సెక్కింది. "మంట ఆరిపోయేలా ఉంది, గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి, ఎప్పుడొస్తావు?" అని గింటర్ ఫోన్. అప్పటికి అతను ఇంకా బొగ్గు గనిలో పనిచేస్తున్నాడు, ఒంట్లో బలం ఉంది. నువ్వే రెండు పారలు వెయ్యకూడదా అంటే "నా వంతు బొగ్గు నేను కింద తవ్వే వచ్చాను, ఇంట్లోది నీ వంతు" అన్నాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడయ్యాయి, దుమ్ము దగ్గరికి పోవద్దని డాక్టరే చెప్పాడు. ఆ వాదన అక్కడితో ముగిసిపోయింది. వచ్చే జనవరిలో చెల్లెలు హిల్దాకి తుంటి ఆపరేషన్. ఆమె ఉండేది ఎక్కడో సముద్రం ఒడ్డున ఊస్ట్కాలో, ఒంటరిగా. "నాలుగు రోజులు వచ్చి ఉండక్కా, చాలు. తర్వాత నేనే తంటాలు పడతాను" అంది.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదానికి తొట్టి, మర, అంతే. రెండోదానికి అవి ఉంటూనే పైన ఒక ఇనుప జాలీ, దానిమీద పెద్ద బొగ్గు వేసుకోవడానికి వేరే తలుపు. "కరెంటు పోతే? మర ఇరుక్కుంటే? జాలీ ఉంటే చేత్తో వేసుకోవచ్చు" అన్నాడు గింటర్. ఆ వేసే చెయ్యి ఎవరిదో అనలేదు. గిజెలాకి జాలీ లేనిదే కావాలి. పార పెట్టడానికి చోటే లేకపోతే పార పట్టమని ఎవరూ అడగలేరు కదా. ఆ మాట పైకి ఎలా అంటుంది? అందుకని చోటు తక్కువ పడుతుంది, తుడుచుకోవడం తేలిక, రంగు కూడా బాగుంది అంది. "రంగు చూసి కొనడానికి ఇదేమన్నా కర్టెనా?" అని గింటర్ నవ్వాడు. అమ్మేవాడూ నవ్వాడు. గిజెలా కూడా నవ్వింది, ఆ నవ్వుకి ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఆదివారం భోజనాల దగ్గర తేలిపోయింది. గిజెలా బంగాళదుంప ఉండలు, మాంసం చుట్టలు, ఎర్ర క్యాబేజీ వడ్డిస్తోంది. "నాలుగు రోజులు పొయ్యి ముట్టుకోకపోతే ఇంక రోజంతా ఏం చేస్తావే?" అంది అత్తగారు.

"హిల్దా దగ్గరికి వెళ్తానత్తయ్యా. ఆపరేషన్ ఉంది."

"వెళ్ళొద్దని ఎవరన్నారు?" అన్నాడు గింటర్. "పొద్దున వెళ్ళి సాయంత్రానికి రా."

ఊస్ట్కా చేరడానికే పగలంతా పడుతుంది. అది అతనికీ తెలుసు.

"సరే, నువ్వన్నదే కొందాం" అన్నాడు మళ్ళీ. "మరి గని ఇచ్చే బొగ్గేం చేద్దాం?" రిటైరైనవాళ్ళకి గని ఏటా వాటా పంపుతుంది, అన్నీ పిడికిలంత గడ్డలు. అవి మరలో పట్టవు.

"అమ్మేసి చిన్నబొగ్గు కొనుక్కుందాం."

గింటర్ ఫోర్కు కింద పెట్టాడు. "నా బొగ్గు అమ్ముతావా?" అన్నాడు. ఇంకేదో అనబోయి దగ్గు తెరలో పడిపోయాడు. ముఖం ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ బొగ్గు కోసమే ఊపిరితిత్తులు ఇచ్చుకున్న మనిషి. గిజెలా లేచి వెళ్ళి వీపు రాసింది. అతని మీద జాలి కలిగింది. తన జీవితమంతా ఇలా జాలిపడే సమయంలోనే చేజారిపోతూ వచ్చిందని ఆ వీపు రాస్తూనే తోచింది. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, "చూశావా, వాణ్ణెంత కష్టపెట్టావో" అంది.

జాలీ ఉన్నదే వచ్చింది. బిగించడానికి వచ్చినతను "దీన్ని ఎవరు చూసుకుంటారండీ?" అని అడిగితే తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి గిజెలా వైపు వేలు చూపించారు. బాయిలర్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్నబొగ్గు బస్తాలు నవంబరంతా సరిపోయాయి. పని లేకపోయినా గిజెలా కిందికి దిగి, మర తిరుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడేది. ఊస్ట్కా రైలు ఎన్నింటికో కూడా కనుక్కుంది.

బస్తాలు ఖాళీ అయ్యాక, డిసెంబరు మొదట్లో గనివాళ్ళు చేసుకునే బార్బరా పండగ ముందు, వాటా బొగ్గు లారీ వచ్చి గేటు ముందు రోడ్డు మీద గుట్ట పోసి పోయింది. చీకటిపడేలోపు లోపలికి చేరకపోతే వీధిలో నలుగురూ నాలుగు మాటలంటారు. నేలమాళిగ కిటికీలోంచి గిజెలా పారతో ఎత్తి ఎత్తి పోసింది. పైనించి గింటర్ "చూసుకో, పక్కింటి గోడకి మసి అంటుతుంది" అని హెచ్చరించాడు. మర్నాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని తనే దిగొచ్చి జాలీ అమర్చాడు. డాక్టరు మాట ఆ కాసేపు గుర్తు రాలేదు. "చూడు, తలుపు ఎంత ఎత్తులో ఉందో. నీకు నడుం నొప్పి అని చూసే తీసుకున్నా, ఎక్కువ వంగక్కర్లేదు" అన్నాడు ప్రేమగానే. ఖాళీ తొట్టిలో అత్తగారు పాత పేపర్లు, పుల్లలు పెట్టుకుంది.

ఆ సాయంత్రం హిల్దా ఫోన్ చేసింది. "జనవరికి టికెట్ తీసుకున్నావా అక్కా? కొత్త బాయిలర్ వచ్చిందిగా, దానంతట అదే నడుస్తుందన్నావు."

గిజెలా మసి చేతిని గౌనుకి తుడుచుకుంది. కిందనించి గడ్డలు చిటపటమంటున్నాయి, ఇంకో గంటకి మళ్ళీ వెయ్యాలి.

"దానంతట అదే నడిచేది ఈ ఇంట్లో ఎప్పట్నుంచో ఒకటుంది హిల్దా" అంది. "ఇంకొకటి అక్కర్లేదట."