పొట్టు నింపిన సందులు

తోడల్లుళ్లకు పడదంటారు. లెక్కల మాస్టారికీ కాంపౌండరుకీ మాత్రం, అక్కచెల్లెళ్లయిన వాళ్ల భార్యలే కుళ్లుకునేంత స్నేహం. రిటైరయ్యాక ఇద్దరూ కాంపౌండరు పెరట్లోని రేకుల షెడ్డులో కొయ్యపని పెట్టుకున్నారు. మిషన్లు లేవు. రంపం, ఉలి, చిత్రిక, అంతే. పలకల అంచులు పళ్లుపళ్లుగా కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మేకు లేకుండా పెట్టె బిగించడమంటే మాస్టారికి ప్రాణం. అతుకు కూర్చున్నప్పుడు ఆయన మొహం చూడాలని మరదలు టీ పట్టుకుని గుమ్మంలో కాచుకునేది.

కొన్నాళ్లకు పెన్సిలు గీత ఆయన కంటికి మధ్యలో వంగి కనిపించసాగింది. ముందు స్కేలు మార్చారు, తర్వాత బల్బు మార్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస అని భార్య దెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్లారు. కంటి వెనక పొర దెబ్బతింటోందనీ, అద్దాలతో సరయ్యేది కాదనీ డాక్టరు చెప్పాడు.

అయినా మాస్టారు పని మానలేదు. అతుకులు చక్కగానే కుదురుతుంటే, కన్ను పోయినా చెయ్యి మర్చిపోలేదని పొంగిపోయారు. ఆ ధైర్యంతోనే భార్యకు కుట్టుసామాన్ల పెట్టె చేసిచ్చారు. ఆవిడ దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

ఒక ఉదయం షెడ్డుకు పెందలాడే వెళ్లి, నిన్న తను బిగించిన సొరుగును తడిమారు. ప్రతి పంటి పక్కనా వేలికి జిగురు అంటుకుంది. జిగురులో కలిపిన రంపపు పొట్టు.

వెనకే వచ్చిన కాంపౌండరు, ఒలికిందని ఏదో సర్దబోయాడు. కాసేపటికి వల్లకాక నిజం చెప్పేశాడు. రోజూ మాస్టారు వెళ్లాక సందులు పూడ్చేవాడట. మరీ వదులైనవి మళ్లీ కోసేవాడట.

"కుట్టుపెట్టె?" అన్నారు మాస్టారు.

"అది... మొత్తం మళ్లీ చేశాను, అన్నయ్యా. మీరు కోసిన పలకలు అతకలేదు."

మాస్టారు తిట్టలేదు. చేతికంటిన పొట్టు దులుపుకున్నారు.

"వంకరగా ఉంటే ఉండనివ్వాల్సింది, తమ్ముడూ. నాదయ్యుండేది."

ఇంటికొచ్చి భార్యకు ఏమీ చెప్పలేదు. కళ్లు లాగుతున్నాయని పడుకున్నారు. ఆ తర్వాత షెడ్డుకు వెళ్లలేదు. ఒక్కడికే పని సాగక కాంపౌండరు కూడా దానికి తాళం వేశాడు.

రాకపోకలు ఆగలేదు. సాయంత్రాలు వసారాలో కూర్చుని బీపీ మాత్రల గురించీ వానల గురించీ మాట్లాడుకునేవాళ్లు. ఒకరోజు ఎదురింట్లో తలుపులు బిగించడానికొచ్చిన వడ్రంగి చిత్రిక పట్టడం మొదలెట్టాడు. మాస్టారు మాట మధ్యలో ఆగి, లేచి లోపలికెళ్లి రేడియో పెద్దగా పెట్టారు. తిరిగొస్తారేమోనని కాంపౌండరు కాసేపు చూసి, చెప్పులేసుకున్నాడు.