ముడులు లేని ముడి రబ్బరు

ఫోన్ మోగేసరికి కొత్త కోడలి చేతులు రెండూ సబ్బు నురగలో ఉన్నాయి. మొగుడే ఫోనెత్తి ఆమె చెవి దగ్గర పట్టాడు. మర్నాడు పదింటికి కాలేజీకి వచ్చి ఒక పాఠం చెప్పి చూపించాలట, నచ్చితే ఉద్యోగం ఆమెదేనట. ఆ నురగ చేతులతోనే అతని చెంపలు రెండూ పట్టుకుంది. అతను తుడుచుకోలేదు సరికదా, అలాగే వెళ్లి వాళ్లమ్మకు చూపించి వచ్చాడు.

సంబరం కాసేపే. ఇదివరకు రెండు చోట్ల ఇలాగే పిలిచారు. రెండు చోట్లా ఆమె బోర్డు నిండా సూత్రాలు రాసింది, పిల్లలు ఆవులించారు, పెద్దలు మర్యాదగా ఇంటికి పంపేశారు. ఈసారి పాఠం రబ్బరు ఎందుకు సాగుతుందన్నది. ఇదీ చేజారితే ఈ ఏడాదికి ఇంకో పిలుపు రాదు.

"ముందు మా అమ్మకు చెప్పు. ఆవిడకు అర్థమైతే ఎవరికైనా అయినట్టే" అన్నాడు మొగుడు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న అత్తగారు మిషను మీంచి తలెత్తకుండానే, ఆ పొగడ్త ఎవరికో తనకు తెలిసిందన్నారు.

కోడలు మొదలుపెట్టింది. రబ్బరు నిండా పొడవాటి దారాల్లాంటి అణువులు. చిందరవందరగా పడి, ఒక్క క్షణం ఊరుకోకుండా మెలికలు తిరుగుతుంటాయి. ముడి రబ్బరును లాగి పట్టుకుంటే అవి ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. గంధకం కలిపి ఉడికిస్తే మాత్రం అక్కడక్కడా ముడులు పడతాయి, ఇక జారవు.

అత్తగారు మిషను ఆపారు.

"ముడి రబ్బరులో ముడులుండవా? మరి ఆ పేరెందుకు పెట్టారమ్మాయ్?"

ఇన్నేళ్ల చదువులో ఈ సందేహం ఎవరికీ రాలేదు. ముడి అంటే పచ్చిది కూడా కదా, ముడులు పడేదాకానే అది ముడి రబ్బరు అని కోడలు తేల్చేసరికి అత్తగారికి భలే నచ్చింది.

"ముడులు మరీ ఎక్కువైతే?"

"చెక్కలా బిగుసుకుపోతుందత్తయ్యా. లాగినా సాగదు."

"పెళ్లాం వెనకాలే తిరిగేవాళ్లు వినాలి ఇది" అన్నారావిడ కొడుకు వైపు చూడకుండా.

కోడలికి హుషారొచ్చింది. అత్తగారి పెద్ద కత్తెరను రబ్బరు బ్యాండుకు కట్టి తలుపు గొళ్లేనికి వేలాడదీసింది. కత్తెర మొన ఉన్నచోట తలుపు మీద సుద్దతో గీత గీసి, హెయిర్ డ్రైయర్ చేతికి తీసుకుంది. వేడికి ఏదైనా సాగుతుంది కాబట్టి కత్తెర కిందికి దిగుతుందన్నాడు మొగుడు. అత్తగారూ అదే అన్నారు. రబ్బరుకు వేడిగాలి తగిలింది. కత్తెర బియ్యపు గింజంత పైకి లేచింది. మొగుడు వంగి పరీక్షగా చూసి, తలుపే కిందికి దిగి ఉంటుందన్నాడు.

వేడెక్కితే దారాలకు గంతులెక్కువవుతాయని చెప్పింది కోడలు. చిందరవందరగా ముడుచుకోవడానికి వాటికి వెయ్యి దారులు, నిటారుగా నిలబడటానికి ఒక్కటే. అందుకే లాగినకొద్దీ వెనక్కి లాక్కుంటాయి, వేడి చేస్తే ఇంకా గట్టిగా లాక్కుంటాయి. చెప్పడం అయిపోయాక గాని ఆమెకు తట్టలేదు, ఒక్క సూత్రం కూడా వాడలేదని.

అత్తగారు దారం తెంపి లేచారు.

"రేపు తొమ్మిదింటికే బయల్దేరుతున్నాం. నేను వెనక బెంచీలో కూర్చుంటా. అర్థం కాకపోతే దగ్గుతా."