చేపల పెట్టెలో చుక్కకూర

నేను ఒక థర్మాకోల్ పెట్టెని. తెల్లగా ఉంటాను, బరువుండను. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. చెప్పాల్సినంత చెప్తాను.

పుట్టింది కార్ఖానాలో. ముందు పంచదార పలుకుల్లాంటి గింజలు. ఆవిరి తగిలితే మరమరాల్లా ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అచ్చు తెరిచేసరికి నేనూ, నా మూతా. అంతే నా బాల్యం.

అక్కణ్ణించి కాకినాడ వచ్చాను. ధనమ్మ అని చేపలమ్మే ఆవిడ నన్ను తీసుకుంది. అడుగున ఐసు, మీద చేపలు, ఆ పైన మళ్ళీ ఐసు. ఆటోలో పెట్టుకుని వీధులు తిరిగేది. జనం తమాషాగా ఉంటారు. నన్ను చూడగానే ముక్కు మూసుకుంటారు. నాలో ఉన్నదాన్ని మాత్రం పులుసు పెట్టుకుని వేళ్ళు నాక్కుంటారు. ఒకరోజు మూత మూల విరిగింది. ఐసు నిలవడం లేదని ధనమ్మ వేరే పెట్టె తెచ్చుకుంది. నన్ను బోర్లించి పీటలా వాడుకుంది.

ఆవిడ దగ్గర చేపలు కొనే అమ్మాయి భాగ్యరేఖ. మేడ మీద వాటాలో అద్దెకుంటోంది. మొగుడు, అత్తగారు, తను.

“ఆ పెట్టె నాకిస్తావా ధనమ్మా?”

“ఏం చేసుకుంటావు?”

“చుక్కకూర పెంచుతాను.”

“మట్టి పోసా?”

“మట్టి లేకుండా. నీళ్ళల్లో.”

ధనమ్మ నా మీంచి లేచి మరీ నవ్వింది. “నీళ్ళల్లో చేపలు పెరుగుతాయి తల్లీ, కూర కాదు. పట్టుకెళ్ళు. మీ ఆయన అడిగితే నా పేరు మాత్రం చెప్పకు.”

ఆ అమ్మాయికి ఒక పేరు పడిపోయింది, చెయ్యి మంచిది కాదని. పెట్టిన మల్లె ఎండిపోయింది. కరివేపాకు మాడిపోయింది. అత్తగారు సత్తెవతి చెడ్డ మనిషేం కాదు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అనేది, “మా కోడలు వంట బాగా చేస్తుందండి. చెయ్యే, మొక్కలకి పడదు.” కోడలు నవ్వి ఊరుకునేది. నేను దగ్గర్నించి చూశాను. అది నవ్వు కాదు.

మట్టి ఎందుకొద్దంటే, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు బుల్లిరాజుగారు ఒప్పుకోరు. పాత అద్దెవాళ్ళు పెట్టిన కుండీల చెమ్మ దిగి ఆయన మంచం మీద చుక్కలు పడ్డాయట. అప్పట్నించీ డాబా మీదికి పిడికెడు మట్టి ఎక్కనివ్వరు.

“నీళ్ళే అంటున్నావు గాబట్టి సరేనమ్మా,” అన్నారాయన. “దీపావళి అయ్యాక శ్లాబుకి చెమ్మ దిగకుండా పూత వేయిస్తాను. ఆ లోపల పప్పులోకి సరిపడా కూర కోసి చూపించు. లేదంటే ఈ డాబా మీద మళ్ళీ మొక్క మాట ఎత్తకూడదు.”

“ఆయ్, అలాగేనండి,” అంది భాగ్యరేఖ.

నన్ను ఉప్పూ నిమ్మకాయా పెట్టి తోమింది. ఎండలో పడేసింది. లోపల నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచింది, వెలుతురు తగిలితే నీళ్ళు పాచి పడతాయని. స్టీలు గ్లాసు పొయ్యి మీద కాల్చి, పట్టకారుతో పట్టుకుని మూత మీద అదిమింది. గుండ్రటి కన్నాలు పడ్డాయి. నొప్పి లేదు గానీ కంపు వచ్చింది. టీ తాగే కాగితం కప్పులకి అడుగున చిల్లులు పొడిచి, కడిగిన కొబ్బరి పొట్టు నింపి, విత్తనాలు వేసి కన్నాల్లో కూర్చోబెట్టింది. ఎరువు మందు రెండు సీసాల్లో వచ్చింది. రెండూ ఒకేసారి కలిపితే విరిగిపోతాయట. ఒకటి నీళ్ళల్లో కలిపాకే రెండోది పోసింది. కప్పు అడుగు తడిసేవరకు నీళ్ళు. ఆపైన ఏమీ చెయ్యనక్కర్లేదు.

ఈ ఏమీ చెయ్యకపోవడమే మనుషులకి చేతకాదు.

మొలకలు వచ్చాయి. రెండేసి ఆకులు పెట్టాయి. తర్వాత పసుపెక్కాయి. ఒక్కొక్కటే తల వాల్చేశాయి. నాలోంచి పులిసిన వాసన. బుల్లిరాజుగారు మెట్ల మీంచే అడిగారు, “మళ్ళీ చేపలు పెట్టారా ఏంటమ్మా?” సత్తెవతి నిట్టూర్చింది. “నేను ముందే చెప్పాను కదే.”

నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

భాగ్యరేఖ నన్ను వంచి నీళ్ళు పారబోసింది. ఏడవలేదు. అడుగున తెల్లటి మడ్డి కనిపించింది. వేలితో తీసి చూసింది.

“అత్తయ్యా, ఇందులో బియ్యం కడిగిన నీళ్ళు పోశారా?”

“పొయ్యనా మరి? నీళ్ళు దిగిపోతున్నాయి, నువ్వేమో చూడవు. రోజూ పొద్దున్నే ఆ విరిగిన మూలలోంచి ఒక చెంబు పోస్తున్నాను. నేను పెంచిన పాదులన్నీ ఆ నీళ్ళకి పెరిగినవే.”

“మట్టిలో పెరుగుతాయి. ఇక్కడ కుళ్ళుతుంది. ఈ నీళ్ళు దిగాలి అత్తయ్యా. పై వేళ్ళకి గాలి కావాలి.”

సత్తెవతి నా వంక చూసింది. వాడిపోయిన మొలకల వంక చూసింది.

“అయితే నేను చంపానన్నమాట.”

“నేనలా అన్లేదు.”

“నువ్వనవులే.” లేచి కొంగు దులుపుకుంది. “మళ్ళీ వెయ్యి. ఈసారి ఎవరు ముట్టుకుంటారో నేను చూస్తాను.”

వినాయక చవితి వెళ్ళిపోయింది. దీపావళికి గడువు తగ్గింది. భాగ్యరేఖ నన్ను మళ్ళీ తోమింది, మళ్ళీ విత్తనాలు వేసింది. విరిగిన మూలకి టేపు అతికించింది, దోమ కూడా దూరకుండా. సత్తెవతి నా పక్కన కుర్చీ వేసుకుంది. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కాపలా. చెంబు పట్టుకుని బతికిన మనిషికి ఖాళీ చేతులతో కూర్చోవడం ఎంత కష్టమో నేను చూశాను. ఒకటి రెండుసార్లు చెయ్యి మూత దాకా వచ్చి ఆగిపోయింది.

ఒక సాయంత్రం బుల్లిరాజుగారు డాబా చూసుకోవడానికి వచ్చారు. మూత ఎత్తి తొంగి చూసి మగ్గు అందుకున్నారు. “నీళ్ళు సగానికి పడిపోయాయండి.”

“మగ్గు కింద పెట్టండి అన్నయ్యగారూ,” అంది సత్తెవతి.

“ఎండిపోతాయండి పాపం.”

“పై వేళ్ళు గాలి పీల్చుకుంటున్నాయి. మిమ్మల్ని ముక్కు దాకా నీళ్ళల్లో నిలబెడితే ఊరుకుంటారా?”

ఆయన మగ్గు కింద పెట్టారు.

దీపావళి ముందు రోజు పొద్దున ఆయన మళ్ళీ వచ్చారు. అప్పటికి నేను కనబడడం లేదు. మూత నిండా ఆకు. అరచేతి వెడల్పు, లేత పచ్చ, ముట్టుకుంటే తుంచబుద్ధేసేలా. బుల్లిరాజుగారు గొంతుక్కూర్చుని ముందు నన్ను జరిపి, కింద శ్లాబు తడిమారు. పొడిగా ఉంది. తర్వాత మూత ఎత్తారు. తెల్లటి వేళ్ళు సేమ్యాలా జారి వేళ్ళాడాయి. ఆయన కాసేపు అలాగే పట్టుకున్నారు.

“కొయ్యమ్మా,” అన్నారు.

భాగ్యరేఖ కోసింది. పళ్ళెం నిండింది. ఇంకా మిగిలింది. మధ్యాహ్నం పప్పు గిన్నె తీసుకుని కిందికి వెళ్ళింది సత్తెవతే. మెట్ల దగ్గర ఆవిడ గొంతు నాకు వినిపించింది, వీధికంతా వినబడేలా.

“మా కోడలు పెంచిందండి. అది పెడితే నీళ్ళల్లో కూడా మొలుస్తుంది.”

పైన భాగ్యరేఖ నా అంచు పట్టుకుని నిలబడింది. ఈసారి నవ్వింది. అది నవ్వే.

గిన్నె తిరిగిచ్చేటప్పుడు బుల్లిరాజుగారు, పూత తెల్లరంగే వేయిస్తున్నాననీ, తూర్పు గోడ వైపు పొద్దుటెండ బాగుంటుందనీ, ఇంకో నాలుగు పెట్టెలు పట్టే చోటుందనీ చెప్పారు.

ఇప్పుడు ఆ గోడ వెంట వరసగా పెట్టెలున్నాయి. పాలకూర ఒకదానిలో, గోంగూర ఒకదానిలో. కొత్తవి నాకంటే తెల్లగా ఉంటాయి. ఎండకి నేను పసుపెక్కాను. అంచులు రాలుతున్నాయి. నేర్చుకోవాలని వచ్చేవాళ్ళకి భాగ్యరేఖ ముందు నా మూతే ఎత్తి చూపిస్తుంది. వాళ్ళు ముక్కు మూసుకోరు. మొహం దగ్గరికి తెచ్చి చూస్తారు. నేను మాట్లాడను. వేళ్ళే చెప్తాయి.