జనరేటరు ఆగిన వేళ

చంపావతి నది పొంగి వాగులూ గెడ్డలూ ఏకమైన ఏడు అది. ఆ వరద తీశాక వచ్చిన మొదటి మాఘం. విజయనగరంలో దీపాలు పెట్టే వేళకి కూర్మయ్య ఒక పెళ్ళి ఊరేగింపు చివర జనరేటరు బండి తోసుకుంటూ నడుస్తున్నాడు.

ఊరేగింపుకి ఒక వరస ఉంది. ముందు బ్యాండు. బ్యాండుకి రెండు పక్కలా తలల మీద లైట్లు మోసే ఆడవాళ్ళు. ఆ వెనక పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చున్న పూల కారు, చుట్టాలు. అందరికన్నా వెనక జనరేటరు. దాని దగ్గర బయల్దేరిన వైరు కారు పక్కనుంచి పాకిపోయి, ఒక తల మీది లైటు నుంచి ఇంకో తల మీది లైటుకి ఎక్కుతుంది. లైటు మోసే మనిషి మెడ తిప్పకూడదు. తిప్పితే వైరు ఊడుతుంది. కూర్మయ్య పెళ్ళాం దాలమ్మ మోసేది ఆ వరసలో ముందు లైటు.

ఈ పనిలో చేరిన నాటి నుంచీ కూర్మయ్య చోటు ఆ చివరే. మనిషి పొట్టి. బండిని చేతుల్తో కాదు, రొమ్ముతో తోస్తాడు. అందుకే అతని చొక్కాలకి బొత్తాలు నిలవవు. కుడి మోచేతి కింద సైలెన్సరు కాల్చిన మచ్చ ఒకటి నున్నగా మెరుస్తూ ఉంటుంది. మాట తక్కువ. జనరేటరు పక్కన ఎంత అరిచినా ఎవరికీ వినబడదు గనక మాట్లాడ్డం ఎప్పుడో మానేశాడు. ఇంటికి వెళ్ళాక కూడా ఆ అలవాటు పోలేదు.

విజయనగరం వాళ్ళకి పొద్దుగూకితే ఇంట్లో కాలు నిలవదు. పని ఉన్నా లేకపోయినా గంటస్తంభం దాకా వచ్చి పోవాలి. పిడత కింద పప్పు తినాలి, బాదంపాలు తాగాలి, ఎవరితోనైనా వాదించాలి. ఈలోగా పెళ్ళి ఊరేగింపు వచ్చిందా, పెళ్ళి ఎవరిదైతేనేం, దారి ఇచ్చి నిలబడతారు. బ్యాండు గంటస్తంభం దగ్గర ఆగాలి. క్లారినెట్ ఎలీషా నాలుగడుగులు ముందుకొచ్చి ఒక పాత సినిమా పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాలి. అది ఊరికి బాకీ. చేతిలో ఆకుదొన్నె పట్టుకుని, తినడం మానేసి, తల ఊపుతూ వింటారు. బాగుంటే బాగుందంటారు, గతి తప్పితే మొహం మీదే అంటారు.

ఇదంతా కూర్మయ్య దూరం నుంచి చూసేవాడు. తలలు ఊగడం కనబడేది. పాట వినబడేది కాదు. పెద్ద డ్రమ్ము దెబ్బ మాత్రం పొట్టలో తగిలేది. క్లారినెట్ బాగా పైకి లేచినప్పుడు జనరేటరు రొద మీద దారప్పోగులాంటిది ఒకటి తేలి, మళ్ళీ మునిగిపోయేది. పాతికేళ్ళుగా ఎలీషా పాట కూర్మయ్యకి తెలిసింది అంతే.

ఆ వేళ ఎలీషాకి ఆఖరి ఊరేగింపు. ఊపిరి నిలవడం లేదు. మధ్యాహ్నం బండి దగ్గరికి వచ్చి, ఎర్ర కుచ్చు టోపీ తీసి తల తుడుచుకుంటూ చెప్పాడు.

"రేపు పొద్దున్న పేసింజరుకి నౌపడ ఎల్లిపోతన్నాను బావా. మా కూతురు గ్లోరీ ఊరుకోడం నేదు. ఉప్పుగాలికి ఊపిరి బాగవుతాదంట."

కూర్మయ్య తల ఊపాడు.

"ఏటీ అనవేటి?"

"ఏటంతాను. ఎల్లు."

ఎలీషా నవ్వి వెళ్ళిపోయాడు. అంతా విన్న దాలమ్మ లైటు కింద పెట్టుకునే తలచుట్ట మడుస్తూ దెప్పింది. "పాతికేళ్ళు పాటల ఎనకాల తిరిగినావు. ఒక్క కూనిరాగం తీయగలవేటి? నా లైటే నయం, దానికి సెవుల్లేవు."

కూర్మయ్య షెడ్డులోకి వెళ్ళి మూల పడున్న రెండో వైరు చుట్ట తెచ్చాడు. మొదటి చుట్టకి దాన్ని కలిపి టేపు చుట్టాడు. వైరు అంత పొడుగుంటే బండిని వెనక ఏదో సందులో ఆపేసి తను గంటస్తంభం దాకా నడిచిపోవచ్చు. జనరేటరుని వదిలి చెయ్యి దూరం దాటకూడదని ఆ పనిలో కట్టడి. ఈ ఒక్క రాత్రికి దాటుదామనుకున్నాడు. ఇవాళ వినకపోతే ఇంక వినడం ఉండదు.

మూడు లాంతర్ల కూడలి దాటాక, షట్టరు మూసిన కొట్టు పక్క సందులో బండి ఆపి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. ఊరేగింపు ముందుకి సాగుతున్నకొద్దీ వైరు వదిలాడు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని జనంలోకి నడిచాడు. చేతుల్లో తోసేది ఏదీ లేక నడక కుదరలేదు. రొమ్ము ముందుకి వాలిపోతూనే ఉంది.

గంటస్తంభం దగ్గర పునుగుల బండి దేముడమ్మ అతన్ని చూసి గరిటె ఆపేసింది.

"ఓలమ్మ, జనరేటరు కూర్మయ్యేటి! బండొగ్గీసి నా కాడికొచ్చినాడు! పొద్దే పక్క పొడిసినాదో!"

"పునుగులెట్టు," అన్నాడు కూర్మయ్య.

"మాటొచ్చినాది కూడానూ!" అంటూ ఆమె వేడివి దొన్నెలో వేసి, పైన ఉల్లిపాయలు చల్లి ఇచ్చింది. పక్కనున్న వాళ్ళు జరిగి చోటిచ్చారు. కూర్మయ్య ఊళ్ళో వాళ్ళలాగే ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. నూనె చిటపటలు వినబడ్డాయి. ఎవరో నవ్వడం వినబడింది. ఇన్ని చప్పుళ్ళున్నాయా ఈ ఊళ్ళో అనుకున్నాడు.

ఎలీషా ముందుకొచ్చాడు. ఎర్ర కుచ్చు టోపీ సరిచేసుకున్నాడు. పల్లవి ఎత్తుకున్నాడు.

అప్పుడు లైట్లు ఆరిపోయాయి.

ఒక్కటి కాదు, అన్నీ. ఆడవాళ్ళ తలల మీద ట్యూబులు నల్లబడ్డాయి. కారు మీది రంగుల బల్బులు పోయాయి. ఎక్కడో సందులోంచి వస్తున్న గుర్రుమనే చప్పుడు కూడా లేదు. కూర్మయ్యకి అప్పుడు తట్టింది. జనరేటరుని పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక మీట తిప్పి కిరసనాయిలు మీద నడపాలి. రెండో చుట్ట గొడవలో పడి మీట తిప్పడం మరిచిపోయాడు. ఉన్న కాస్త పెట్రోలూ అయిపోయింది.

డ్రమ్ము ఆగింది. ట్రంపెట్లు ఆగాయి. వాయించేవాళ్ళు వెనక్కి చూశారు. "లైట్లేవిరా! అపశకునం కాదా ఇది!" అని పెళ్ళివారిలో ఎవరో అరిచారు. "కూర్మయ్యా!" అని బ్యాండు మేస్త్రి నరసింగరావు గొంతు చించుకున్నాడు.

ఎలీషా ఒక్కడే ఆగలేదు.

కొట్ల వెలుతురులో సగం కనబడుతూ వాయిస్తూనే ఉన్నాడు. డ్రమ్ము లేదు, రొద లేదు. వరద తీశాక గెడ్డలో ఇసక మీద మిగిలే పలచటి నీటి పాయలా పాట నడుస్తోంది. అడుగున ఉన్న ప్రతి రాయీ కనబడుతున్నట్టుంది. కూర్మయ్య నోట్లో పునుగు అలాగే ఉండిపోయింది. తను ఇన్నాళ్ళూ విన్న దారప్పోగు ఇందులో ఎక్కడిదో పోల్చుకున్నాడు. అది పాట చివర కాదు, మధ్యలో ఉంది. దానికి ముందు ఇంత ఉందా, వెనక ఇంత ఉందా!

పరుగెత్తాలి. కాళ్ళు కదల్లేదు.

దాలమ్మ మెడ తిప్పింది. లైటు లేనప్పుడు వైరు భయం లేదు. ఆమె కూడా మొదటిసారి ఎలీషా మొహం చూస్తూ వింటోంది. తర్వాత జనంలో మొగుణ్ణి చూసింది. గడ్డం ఎత్తి ఎలీషాని చూపించింది.

కూర్మయ్య మళ్ళీ చూశాడు. ఎలీషా మెడనరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. చరణం మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక చరణం అయిపోయింది. ఆపొచ్చు. ఆపకుండా మళ్ళీ పల్లవిలోకి వెళ్ళాడు. ఊరేగింపులో వెలుతురూ పాటా ఒకేసారి పోకూడదు, పోతే పెళ్ళికి కీడంటారు. ఆ కీడు ఎవరి నెత్తిన పడుతుందో ఎలీషాకి తెలుసు. లేని ఊపిరి పెట్టి కూర్మయ్యని కాస్తున్నాడు.

కూర్మయ్య దొన్నె దేముడమ్మ బండి మీద పెట్టేసి పరుగెత్తాడు. పాట వీపుకి తగులుతూ సందు మొగ దాకా వచ్చింది. డబ్బాలోంచి కాస్త పెట్రోలు పోశాడు. తాడు చేతికి చుట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ఇంకా వినబడుతోంది. లాగాడు. జనరేటరు అందుకుంది. పాట మునిగిపోయింది.

లైట్లు వెలిగాయి. జనం ఈలలు వేశారు. పెళ్ళికొడుకు నాయనమ్మ లక్ష్మణమ్మ కారులోంచి తల బయటపెట్టి తీర్పు చెప్పేసింది. "లైటు పోతే పోనాది. పాటాగినాదేటి? ఆగనేదు. మరింకేటి కీడు? నడండి, నడండి."

ఊరేగింపు పెళ్ళింటికి చేరి భోజనాలు అయ్యాక, ఎలీషా జనరేటరు బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. రొమ్ము ఎగిసిపడుతోంది.

"ఇన్నావా బావా?"

"ఇన్నాను."

"రెండోపాలి పల్లవిలో తప్పు పోనాది. పాతికేళ్ళకి ఒక్కపాలి ఇన్నావు, అదీ తప్పు పాటే ఇన్నావు."

"నాకేటి తెలుసు. బాగున్నాది."

ఎలీషా దగ్గుతూ నవ్వాడు. "ఈస్టరుకి మా నౌపడ గుడిలో ఊదుతాను. అప్పటికి ఊపిరి కుదురుతాది," అన్నాడు. మరి కాసేపటికి చూస్తే అక్కడ లేడు. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు.

తెల్లారి కూర్మయ్య బండిని షెడ్డుకి తోసుకెళ్ళాడు. దాలమ్మ కూడా లైట్లు దింపడానికి వచ్చింది. నరసింగరావు వేపపుల్ల నమలడం ఆపి అడిగాడు. "రాత్రేటైనాది?"

"మీట తిప్పడం మర్సిపోనాను."

"ఎప్పుడూ మర్సిపోనేదు కదా." అతని చూపు బండి మీది రెండో వైరు చుట్ట మీద పడింది. వంగి టేపు చుట్టిన చోటు వేలితో తడిమాడు. "కోట కాడ పెళ్ళున్నాది ఎల్లుండి. ఆ సుట్ట బండి మీదే ఉండనీ. మీట మాత్రం మర్సిపోకు."

కూర్మయ్య తల ఊపి, గుడ్డ తీసుకుని జనరేటరు తుడవసాగాడు. తుడుస్తూ గొంతులో ఏదో తీస్తున్నాడు. గతి లేదు, సరిగ్గా లేదు. అయినా అది రాత్రి పల్లవే. దాలమ్మ నోరు తెరిచి, దెప్పకుండా మూసుకుంది. వంగి బండి పిడి వైపు చూసింది.

"ఇదిక్కడుందేటి! మర్సిపోనాడా, కావాలనే ఒగ్గీసినాడా?"

"ఏటో."

"ఈస్టరుకి ఎల్దుం. ఇచ్చీసొద్దుం. గుడిలో జనరేటరుండదు కదా."

కూర్మయ్య కూనిరాగం ఆపలేదు. బండి పిడికి ఎలీషా టోపీ తగిలించి ఉంది. లోపలి పట్టీ చెమటకి ఇంకా తడిగానే ఉంది. పైన ఎర్ర కుచ్చు పొద్దుటి గాలికి మెల్లగా ఊగుతోంది.